పిల్లలున్న ఇంటికి గుర్రం

పిల్లలు పుట్టాక తల్లిదండ్రులు తమ ఇష్టాలను ఒక్కొక్కటిగా అటకెక్కిస్తారు. వీణకు గుడ్డ కప్పుతారు, కెమెరాను బీరువాలో పెడతారు. తీరిక దొరికినప్పుడు మళ్ళీ తీయవచ్చని ఒక ధీమా. గుర్రం విషయంలో ఆ ధీమాకు తావు లేదు. దాన్ని దాచిపెట్టలేం. సాకగలిగితే ఉంచుకోవాలి, లేదంటే వేరే చేతుల్లో పెట్టాలి. అలా ఒకప్పుడు గుర్రాన్ని వదులుకున్నవాళ్ళు, ఇద్దరు చిన్నపిల్లల సంసారంలో పడ్డాక మళ్ళీ గుర్రాన్ని తెచ్చుకుందామనుకుంటే ఇంట్లో మొదట వినిపించే మాట ఒక్కటే: ‘ఇప్పుడెందుకు, పిల్లలు పెద్దవాళ్ళవనీ.’ ఆ మాటలో ప్రేమా ఉంది, భయమూ ఉంది. రెండింటినీ గౌరవిస్తూనే ఆ మాటను కాస్త నిదానంగా తరచి చూడాలి.

కోనసీమలో కూర్చుని గుర్రం గురించి మాట్లాడటం కొందరికి వింతగా తోచవచ్చు. ఇది కొబ్బరితోటల సీమ, కాలవల సీమ. ఇక్కడ పశువంటే పాడిగేదె, ఆవు, ఎద్దు. కనుమనాడు పసుపు కుంకుమలు అందుకునేవి అవే. కానీ గుర్రం ఈ నేలకు కొత్తది కాదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కోసం కాటన్ దొర గోదావరి తీరమంతా గుర్రం మీద తిరిగాడని డెల్టాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గుర్రం మీద కూర్చున్న కాటన్ విగ్రహాలకు ఏటా దండలు పడుతూనే ఉన్నాయి. ఆ తరవాత, బస్సులూ ఆటోలూ పెరగకముందు, పడవ దిగిన ప్రయాణికుణ్ణి రేవు నుంచి ఊళ్ళోకి చేర్చిన జట్కాలు పెద్దల జ్ఞాపకాల్లో ఇంకా తిరుగుతున్నాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేట వంటి చోట్ల ఇప్పటి పిల్లలకు గుర్రమంటే పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకును మోసేదే. వాళ్ళ ముత్తాతలకు మాత్రం అది బండికి కట్టి కనిపించేది, సంతకూ ఆసుపత్రికీ తీసుకెళ్ళేది.

జట్కా నడిపిన ఇంటిని ఒకసారి ఊహించుకోండి. ఆ ఇంటి ముందు గుర్రం ఉండేది, లోపల చంటిపిల్లలూ ఉండేవారు. తెల్లవారకముందే ఉలవలు ఉడికేవి. బండి తోలేవాడు గుర్రానికి మాలీషు చేస్తుంటే ఇల్లాలు ఓ చంకన బిడ్డను పెట్టుకుని మరో చేత్తో దాణా అందించేది. చిన్నపిల్లలున్నారు కదా, గుర్రం ఎందుకని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. గుర్రం లేకపోతే పొయ్యిలో పిల్లి లేవదని అందరికీ తెలుసు. ఇప్పటికీ మన మన్యంలో ఇదే తీరు. పాడేరు చుట్టుపక్కల బండి వెళ్ళే దారి లేని కొండపల్లెల్లో గిరిజనులు గుర్రాలను సాకుతున్నారు. రేషన్ బియ్యం, సంత సరుకులు, కాఫీ గింజల బస్తాలు వాటి వీపు మీదే కొండెక్కి దిగుతున్నాయి. అక్కడి పిల్లలకు గుర్రం ఇంటి మనిషిలాగే అలవాటు. పసిపిల్లలున్న ఇంట్లో గుర్రం ఇమడదన్నమాట నిజమే అయితే ఈ ఇళ్ళేవీ నిలిచేవి కావు.

తేడా ఎక్కడుంది? జట్కావాడికీ గిరిజన రైతుకీ గుర్రం అవసరం. నేటి తల్లికో తండ్రికో అది ఇష్టం. అవసరానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇష్టానికి మాత్రం అత్తమామల దగ్గర నుంచి ఇరుగుపొరుగు దాకా అందరి అనుమతీ కావాలి. ఆ ఇష్టం ఆడవాళ్ళదైతే ఆ అనుమతి మరీ ఆలస్యంగా వస్తుంది. తండ్రి వారానికోసారి స్నేహితులతో క్రికెట్టుకు వెళితే ‘పాపం, అలసిపోయాడు’ అంటాం. తల్లి రోజుకు గంట గుర్రం దగ్గర గడుపుతానంటే ‘పిల్లల్ని వదిలేసి’ అంటాం. ఇద్దరిదీ ఇష్టమే, పేరు మాత్రం వేరు. ముందు ఈ తూకం సరిచేసుకుంటే తప్ప మిగతా చర్చ న్యాయంగా సాగదు.

ఇలా మళ్ళీ గుర్రం వైపు చూసే ఆడపిల్లలు మన మధ్య లేరనుకోవద్దు. తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో ఎన్‌సీసీ అశ్వదళ విభాగాలున్నాయి. గుర్రాన్ని ఎన్నడూ తాకని మధ్యతరగతి ఇళ్ళ పిల్లలెందరో అక్కడే మొదటిసారి జీనెక్కారు. తెల్లవారుజామున లాయం ఊడ్చి, ఖరారా అనే గరుకు దువ్వెనతో ఒళ్ళు రుద్ది, కళ్ళెం తొడిగి, ఆ తరవాతే ఎక్కడం నేర్చుకున్నారు. చదువైపోయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. లాయం వాసన మాత్రం వాళ్ళను వదల్లేదు. మరోపక్క దేశంలో గుర్రాలే కరిగిపోతున్నాయి. 2012 పశుగణనలో గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి దాదాపు 6 లక్షల 25 వేలుంటే 2019 నాటికి 3 లక్షల 40 వేలకు పడిపోయాయి. ఏడేళ్ళలో సగానికి దగ్గరగా తగ్గాయన్నమాట. బండ్లు పోయాయి, పని పోయింది. ఇక గుర్రాన్ని నిలబెట్టేది ఎక్కువగా ఇష్టంతో సాకేవాళ్ళే. అందుకే ఆ ఇష్టాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

ఇష్టం ఉన్నంత మాత్రాన సరిపోదు. గుర్రం పక్షాన కూడా మాట్లాడేవాళ్ళుండాలి. అది పాతికేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు బతికే జీవి. ఈ రోజు పొత్తిళ్ళలో ఉన్న బిడ్డ చదువు పూర్తిచేసుకుని ఉద్యోగానికి వెళ్ళే నాటికి కూడా దానికి పూటపూటా మేత వేయాల్సిందే. బిడ్డకు జ్వరమొచ్చిన రోజున దానికి ఆకలి ఆగదు. సంక్రాంతికి ఊరెళ్ళినా నీళ్ళు పెట్టే మనిషి ఉండాలి. నాలుగు క్వింటాళ్ళ బరువున్న గుర్రానికి రోజుకు ఆరు నుంచి ఎనిమిది కిలోల ఎండుమేతకు సమానమైన మేత కావాలి. ఎండాకాలంలో నలభై లీటర్ల నీళ్ళు అవలీలగా తాగేస్తుంది.

కోనసీమ నేల గుర్రానికి పెట్టే పరీక్షలు వేరు. ఇక్కడ పశువుల పెంపకం అందరికీ తెలుసు. ఆ తెలివే ఒక్కోసారి గుర్రానికి ప్రాణాంతకం అవుతుంది. గేదె నాలుగు గదుల పొట్టతో నెమరు వేస్తుంది, గుర్రం వేయదు. గేదెకు అరిగిపోయే మేత గుర్రం కడుపులో శూలకు దారితీయవచ్చు. తిన్నది వాంతి చేసుకునే వీలు కూడా దానికి లేదు. మిల్లుల ఊళ్ళలో తవుడు చేతికందుతుంది కదా అని గంపలకొద్దీ పెడితే, అందులో ఎక్కువగా ఉండే భాస్వరం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. ఎముకలు గుల్లబారతాయి, ముఖం ఎముకలు వాచిపోతాయి. పాడిగేదెల కోసం గట్ల మీద పెంచే సూపర్ నేపియర్ గడ్డి ఒక్కటే ఏళ్ళ తరబడి వేసినా కాల్షియం కొరత తప్పదు. నానబెట్టి ఉడికించిన ఉలవలు, శుభ్రమైన ఎండుగడ్డి, రకరకాల పచ్చగడ్డి, పశువైద్యుడు చెప్పిన లవణాలు... ఇవన్నీ కొలతతో అందాలి.

ఇంకా ముఖ్యమైనది కాలి కింద నేల. వానాకాలం నాలుగు నెలలూ ఇక్కడి దొడ్లు చిత్తడి. ఆ బురదలో నిలబడ్డ గుర్రం గిట్ట అడుగున కుళ్ళు మొదలవుతుంది. మెరక చేసి, నీరు జారిపోయేలా గట్టినేల వేసి, పైన పరుపులా ఎండుగడ్డి పరిచి కట్టాలి. మేత మాత్రం నేల మీద, ముఖ్యంగా ఇసుక మీద వేయకూడదు. మేతతో పాటు కడుపులోకి వెళ్ళిన ఇసుక పేగుల్లో పేరుకుంటుంది. కొబ్బరిచెట్టు కింద కట్టడం అసలు కుదరదు. కాయ పడితే మనిషి తలకు ఎంత ప్రమాదమో గుర్రానికీ అంతే. జోరీగలు ముసిరే కాలంలో వాటి కాటుతో సర్రా అనే రక్తపు జబ్బు వస్తుంది. ధనుర్వాతం గుర్రాన్ని మరీ తొందరగా పట్టుకుంటుంది కనుక దాని టీకా తప్పనిసరి. వరదల సంగతీ మరువరాదు. 1986 ఆగస్టులో, మళ్ళీ 2022 జూలైలో గోదావరి లంకలను ముంచెత్తినప్పుడు, 1996 నవంబరు 6న తుపాను కోనసీమను కుదిపేసినప్పుడు పశువులతో గట్టెక్కడానికి జనం పడ్డ పాట్లు ఇక్కడివారికి వేరే చెప్పనక్కర్లేదు. లంకలో ఉండేవాళ్ళు గుర్రాన్ని తెచ్చుకునే ముందే, వరదొస్తే దాన్ని ఎవరి దొడ్డికి చేర్చాలో మాట్లాడి ఉంచుకోవాలి. చంకన బిడ్డతో, చేతిలో పగ్గంతో ఆఖరి నిమిషంలో పరుగెత్తడం ఎవరి తరమూ కాదు.

ఇంత భారం ఉన్నప్పుడు పిల్లలు పెద్దయ్యేదాకా ఆగడమే మేలు కదా అనిపిస్తుంది. కొందరికి నిజంగా అదే మేలు. నెలల పసిబిడ్డ, రాత్రుళ్ళు నిద్ర లేని ఇల్లు, దూరాన ఉద్యోగం చేసే భర్త, చేతిసాయం చేసే మనిషి లేకపోవడం... ఇలాంటి స్థితిలో గుర్రాన్ని తెచ్చుకోవడం గుర్రానికీ అన్యాయమే, బిడ్డకూ అన్యాయమే. కాన్పయిన తల్లి, ముఖ్యంగా ఆపరేషన్ అయిన తల్లి, డాక్టర్ సరేనన్నాకే జీనెక్కాలి. ఒళ్ళు పాత బిగువుకు రావడానికి నెలలు పడుతుంది, తొందరపడి లాభం లేదు. అలాగని ఆ కొద్ది కాలాన్ని పదిహేనేళ్ళకు సాగదీయాల్సిన పనీ లేదు. బిడ్డ నడక నేర్చి, బడికి వెళ్ళే వయసుకు వస్తే ఇంటికి ఒక గంట వెసులుబాటు దొరుకుతుంది. అప్పుడు ఆ గంటను గుర్రానికి ఇవ్వడం తప్పు కాదు.

ఒక్కరే మోయలేని బరువును మన పల్లె ఎప్పుడూ పంచుకునే మోసింది. దూడను పెంపకానికి ఇచ్చి, ఎదిగాక దాని విలువను చెరిసగం తీసుకోవడం మన రైతులకు తెలిసిన పద్ధతే. చిన్నపిల్లలున్న రెండు కుటుంబాలు ఒక గుర్రాన్ని కలిసి సాకితే మేత ఖర్చూ సగమవుతుంది, రోజువారీ చాకిరీ సగమవుతుంది. ఒకరి ఇంట్లో పిల్లకు ఒంట్లో బాగోకపోతే రెండో ఇంటివాళ్ళు చూసుకుంటారు. వైద్యం ఖర్చెవరిది, గుర్రం ముసలిదయ్యాక ఎవరి దగ్గరుండాలి అన్నవి ముందే కాగితం మీద రాసుకుంటే మాట పట్టింపులు రావు. సొంతానికి కొనే ముందు కొన్నాళ్ళు ఎక్కడైనా లాయంలో చేతిసాయం చేయడం కూడా మంచి దారే. పదేళ్ళ కిందట చేతికి వచ్చిన పని ఇంకా వస్తుందో లేదో అక్కడ తేలిపోతుంది.

ఇక పిల్లల సంగతి. భయం ఉండాల్సిందే, అయితే అది జాగ్రత్తగా మారాలి. గుర్రం వేటకు గురయ్యే జంతువు. ఉలిక్కిపడితే ముందు పరుగు, తరవాతే ఆలోచన. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి సరిగ్గా వెనక ఏముందో దానికి కనపడదు. వెనక నుంచి పరుగెత్తుకొచ్చే మూడేళ్ళ పిల్లాడు దానికి ఒక చప్పుడు మాత్రమే. అందుకే చిన్నపిల్లలకు లాయం చుట్టూ దడి ఉండాలి, పెద్దవాళ్ళు లేకుండా లోపలికి రాకూడదన్న నియమం ఒక్క రోజు కూడా సడలకూడదు. ఫొటో కోసం పాలుతాగే బిడ్డను ఒళ్ళో పెట్టుకుని జీనెక్కే సరదా ఎవరికీ వద్దు. ఎక్కేవాళ్ళెవరైనా తలకు హెల్మెట్ ఉండాల్సిందే.

ఈ హద్దులు గీశాక పిల్లలకు దొరికేది చాలా ఉంది. గిట్టలు శుభ్రం చేసే పనినే చూడండి. తల్లి వచ్చి గుర్రం భుజం పక్కన, దాని తోక వైపు తిరిగి నిలబడుతుంది. అరచేతిని భుజం మీద ఆనించి, కాలి వెనక నరం వెంట మెల్లగా కిందికి దించుతుంది. గుర్రం బరువును మిగతా మూడు కాళ్ళ మీదికి మార్చుకుని ఆ కాలు తానే ఎత్తి ఇస్తుంది. అప్పుడు తల్లి గిట్టను ఎడమచేతిలో ఇముడ్చుకుని ఇనుపకొక్కేన్ని మడమ వైపు నుంచి మొన వైపు లాగుతుంది. బురద పెళ్ళలు ఊడిపడతాయి. మధ్యలో మూడుమూలల మెత్తని భాగం బయటపడుతుంది. దాన్ని పొడవకూడదు, వాసన చూడాలి. కుళ్ళు వాసన వస్తే మందు వేయాలి. దడి అవతల నిలబడ్డ నాలుగేళ్ళ పిల్ల ఇదంతా రోజూ చూస్తుంది. అరవకుండా, కొట్టకుండా అంత పెద్ద జంతువు చేత కాలు ఎత్తించవచ్చని ఆ పిల్లకు తెలిసిపోతుంది. బలవంతుడితో మెత్తగా మాట్లాడటం, నోరులేని దానికి నొప్పెక్కడుందో వెతకడం ఏ బడిలోనూ పాఠంగా చెప్పరు. అది చూసి నేర్చుకోవాల్సిన విద్య. ఆ పిల్ల కాస్త పెద్దదయ్యాక అరచేయి చదునుగా చాచి, వేళ్ళు దగ్గరగా పెట్టి, పచ్చగడ్డి పెట్టడం నేర్పుతారు. గుర్రం పెదవులు అరచేతికి తగిలితే చెయ్యి వెనక్కి లాక్కోకుండా నిలబడటమే ఆ పిల్ల మొదటి ధైర్యం.

ఆరోగ్యం మాటకొస్తే, అమెరికాలో అమిష్, హట్టరైట్ అనే రెండు వ్యవసాయ సమాజాల పిల్లలను పోల్చిన ఒక అధ్యయనం 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఇద్దరి పూర్వీకులూ మధ్య యూరప్‌వాళ్ళే. హట్టరైట్లు యంత్రాలతో, ఇళ్ళకు దూరంగా పెద్ద క్షేత్రాల్లో సేద్యం చేస్తారు. అమిష్‌లు గుర్రాలతో దున్నుతారు, కొట్టం ఇంటి పక్కనే ఉంటుంది. బడి వయసు పిల్లల్లో ఆస్తమా హట్టరైట్లలో 21 శాతం, అమిష్‌లలో 5 శాతం ఉన్నట్టు తేలింది. ఇంటి దగ్గర పశువులు ఉండటం వల్ల పసితనం నుంచే ఒంటికి అలవాటయ్యే దుమ్ము, సూక్ష్మజీవులు ఇందుకు కారణమని పరిశోధకులు భావించారు. గుర్రం తెచ్చుకుంటే ఆస్తమా రాదని దీనికి అర్థం కాదు, ఇప్పటికే ఆయాసంతో బాధపడే బిడ్డకు గుర్రపు నూగు పడకపోవచ్చు కూడా. పశువుల వాసన తగిలితే పిల్లలు పాడైపోతారన్న పట్నపు భయానికి మాత్రం ఇది మంచి జవాబు.

ప్రభుత్వం వైపు నుంచీ కొంత సాయం కావాలి. పశువుల సంచార వైద్యానికి 1962 నంబరు ఉంది. కోనసీమలోని పశువైద్యులు ఆవులకూ గేదెలకూ దివ్యంగా వైద్యం చేస్తారు. గుర్రం జబ్బులు చూసే సందర్భం వారికి అరుదు. శూల వచ్చిన గుర్రానికి గంటలే గడువు కనుక, పెద్ద వైద్యానికి గన్నవరం పశువైద్య కళాశాల దాకా తీసుకెళ్ళేలోపు స్థానికంగా మొదటి చికిత్స అందాలి. అందుకోసం జిల్లాకు ఇద్దరు ముగ్గురు వైద్యులకైనా తిరుపతిలోనో, హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలోనో శిక్షణ ఇప్పించడం పెద్ద ఖర్చేమీ కాదు. లాడాలు కొట్టే పనివాళ్ళు కూడా తగ్గిపోయారు. ఆ పని తెలిసిన పాతవాళ్ళు ఉండగానే కుర్రాళ్ళకు నేర్పించాలి.

మన భారతంలో అజ్ఞాతవాసం కోసం విరాటుని కొలువుకు చేరిన నకులుడు దామగ్రంథి పేరుతో గుర్రాల కాపరి అయ్యాడు. రాజ్యం పోయింది, పేరు మారింది, కిరీటం లేదు. చేతిలో ఉన్న విద్య ఒక్కటే మిగిలింది. దాన్ని ఆ ఏడాది అతను దాచుకోలేదు, చులకనగానూ చూడలేదు. పిల్లల్ని పెంచే రోజులు కూడా తల్లిదండ్రులకు ఒక విధమైన అజ్ఞాతవాసమే. తమ పేరు పోయి ‘ఫలానా పాప వాళ్ళమ్మ’, ‘ఫలానా బాబు వాళ్ళ నాన్న’గా మిగులుతారు. ఆ కాలంలో చేతిలో ఉన్న విద్యను బతికించుకోవడం స్వార్థం అనిపించుకోదు. అమ్మానాన్నలు తమకంటూ ఏ ఇష్టమూ లేకుండా పిల్లల చుట్టూనే తిరుగుతుంటే వాళ్ళకు గుర్తుండేది ఆ త్యాగపు భారమే. ఇష్టమైన పనిని ఒళ్ళు వంచి, వేళ తప్పకుండా, ఇంకో ప్రాణాన్ని బాధ్యతగా చూసుకుంటూ చేస్తుంటే పిల్లలకు ఒక దారి కనపడుతుంది.

కాబట్టి మళ్ళీ గుర్రాన్ని తెచ్చుకోవాలనుకునే తల్లికీ తండ్రికీ చెప్పదగ్గది ఇదీ. ముందు నేల మెరక చేయండి, మేత లెక్క చూసుకోండి, వరదకు దారి చూసుకోండి, దడి కట్టండి. ఆ తరవాత ఇంట్లో కూర్చుని ఎవరి పని ఎవరిదో తేల్చుకోండి. భార్య లాయంలో ఉన్న గంటసేపు బిడ్డకు స్నానం చేయించి అన్నం పెట్టే భర్త ఉంటే ఆ ఇంటికి గుర్రం భారం కాదు. ఆ గంట ఇవ్వలేని ఇంట్లో గుర్రం లేకపోయినా తల్లి మీద భారం ఎక్కువే. తేల్చుకోవలసిన అసలు సంగతి పిల్లల వయసు కాదు, పెద్దవాళ్ళ సంసిద్ధత. ఇల్లు సిద్ధమైతే పిల్లలు పెద్దయ్యేదాకా ఆగనక్కర్లేదు. వాళ్ళు పెరిగే రోజుల్లోనే, వాళ్ళ కళ్ళ ముందే, తెచ్చుకోండి.